రోలు మిగిలింది, చేట ఏమయింది?

(స్త్రీల కార్యక్రమం – రేడియో ప్రసంగం)



పిల్లలు సాంఘికశాస్త్రం పాఠం పైకి చదువుతూ వుంటే వంటింట్లో వున్న మనకీ వినపడుతూనే వుంటుంది. ముందు రాతియుగం, తరువాత కంచుయుగం, ఆపైన ఇనుపయుగం. పరీక్షలో మార్కులకి అంతమాత్రం చాలు. కాని ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ రాతియుగపు ఇల్లాలు గింజలు దేంతో చెరిగింది? దుంపలు ఏరి దేంట్లో వేసి తెచ్చింది? చంటిపిల్లని వీపుకి దేంతో కట్టుకుంది? వీటిలో ఏ ఒక్కటీ రాయి కాదు కదా! మరి ఆ యుగానికంతకీ రాయి పేరే ఎందుకు పెట్టారు?

ఈ పేర్లకు కారకుడు డెన్మార్కు దేశస్థుడు, క్రిస్టియన్ థామ్సన్ అనే ఆయన. కోపెన్‌హేగెన్ నగరంలో పురాతన వస్తువుల ప్రదర్శనశాలను సర్దే బాధ్యత ఆయన మీద పడింది. 1819లో దాన్ని ప్రజలకోసం తెరిచారు. పొలాల్లో, పాత సమాధుల్లో దొరికిన వస్తువులు అక్కడ గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఏది ముందుదో, ఏది వెనకటిదో చెప్పే కాగితం ముక్క ఏదీ లేదు. మనం సామానుగది సర్దుకునేటప్పుడు ఇత్తడివి ఒక పక్కన, స్టీలువి ఒక పక్కన పెట్టుకున్నట్టే ఆయన కూడా రాతివి, కంచువి, ఇనుపవి విడదీశారు. అంతటితో వూరుకోలేదు. ఒకే సమాధిలో ఏ వస్తువు పక్కన ఏది దొరికిందో జాగ్రత్తగా గమనించి, ఈ మూడింటికీ ఒక వరస కుదిర్చారు. 1836లో అచ్చయిన చిన్న పుస్తకం ద్వారా ఆ వరస లోకానికి తెలిసింది. చాలా తెలివైన పని. ఆయన వేసిన పునాది ఈనాటికీ పనికి వస్తూనే వుంది.

అయితే సామాను సర్దుకునే ఇల్లాలు ముందు లెక్క చూసుకుంటుంది. వుండవలసినవి అన్నీ వున్నాయా, ఏవైనా పోయాయా అని. థామ్సన్ గారి ముందున్నవి మట్టిలో పడి కూడా మిగిలినవి మాత్రమే. పోయినవాటికి ఆయన అరల్లో చోటు లేదు. ఆ పోయినవాటిని గురించే ఈ పూట నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా రాయికి ఇవ్వవలసిన మర్యాద రాయికి ఇద్దాం. ఇంతవరకు దొరికిన పనిముట్లలో అన్నిటికంటే పాతవి తూర్పు ఆఫ్రికాలో, కెన్యా దేశంలోని లొమెక్వి అనే చోట బయటపడిన రాతి పెచ్చులు. ఆ సంగతి 2015లో ప్రకటించారు. వాటి వయస్సు సుమారు 33 లక్షల సంవత్సరాలు. మనవంటి మనుషులు భూమి మీదికి వచ్చి 3 లక్షల ఏళ్ళు అంటారు. అంటే మనిషి పూర్తిగా మనిషి కాకముందే పనిముట్టు పుట్టిందన్నమాట. మన దేశంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మద్రాసు పక్కనున్న పల్లావరంలో ఒక రాతిగొడ్డలిని గుర్తుపట్టి చేతికి తీసుకున్నారు. మన దేశపు రాతియుగ పరిశోధనకి అదే శ్రీకారం. మద్రాసుకి వాయవ్యంగా వున్న అత్తిరంపాక్కంలో ఈ మధ్యకాలంలో తవ్వకాలు నడిపించినావిడ శాంతి పప్పు. అక్కడి రాతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని ఆవిడ, ఆవిడ సహచరులు 2011లో తేల్చి చెప్పారు.

రాతిపని అంటే బండబలం అనుకోకండి. రాయిని ఏ అంచున, ఏ వాలున కొడితే పలచటి పెచ్చు లేస్తుందో తెలియాలి. దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టేటప్పుడు రెండు చెక్కలూ సమంగా రావాలంటే దెబ్బ ఎక్కడ పడాలో మన చేతికి తెలుసు కదండీ. ఇదీ ఆ జాతి తెలివే. నోటితో చెప్పమంటే చెప్పలేం, చెయ్యి చెబుతుంది.

రాయికి ఇంకో గుణం వుంది, మొండితనం. కుళ్ళదు, చెదలు పట్టదు, తుప్పు పట్టదు. మన ఇంటికి తాళం వేసి వెయ్యేళ్ళు వూరుకున్నామనుకోండి. ఆ తరువాత వచ్చి తవ్వేవాళ్ళకి రుబ్బురోలు దొరుకుతుంది, పొత్రం దొరుకుతుంది. చేట దొరకదు. చీపురు, విసనకర్ర, కవ్వం, ఉట్టి, నవారు, బొంతలు ఏవీ దొరకవు. అది చూసి ఆ పండితులు "ఈ ఇంటివారు రాతియుగం వారు" అని రాసుకుపోతే మనకి ఎలా వుంటుంది?

ఎప్పుడో ఒకసారి అదృష్టం కలిసివచ్చి, తడి ఇసుకలోనో మంచులోనో చిక్కుకుని, కుళ్ళవలసినవి కుళ్ళకుండా మిగులుతాయి. జాంబియా దేశంలో కలాంబో జలపాతం దగ్గర అలాగే రెండు దుంగలు మిగిలాయి. ఒకదానిలో మరొకటి కూర్చునేలా గాడి తొలిచి అమర్చినవి. వాటి వయస్సు 4,76,000 ఏళ్ళని 2023లో ప్రకటించారు. రాతియుగంలో అంతటి వడ్రంగం వుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

నాకు అన్నిటికంటే అపురూపంగా తోచినది ఒక దారపు ముక్క. ఫ్రాన్సులో అబ్రి దు మారా అనే కొండచరియ కింద దొరికిన ఒక రాతిపెచ్చుకి అది అంటుకుని వుంది. పొడవు 6 మిల్లీమీటర్లు, అంటే ఒక బియ్యపుగింజంత. సూక్ష్మదర్శినిలో చూస్తే చెట్టు లోపలి బెరడు నార! మూడు పోగుల్ని విడివిడిగా ఒకవైపుకి మెలిపెట్టి, మూడింటినీ కలిపి రెండోవైపుకి పేనారు. పోగు మెలిక విప్పుకోబోతే తాడు మెలిక బిగుస్తుంది, తాడు విప్పుకోబోతే పోగు బిగుస్తుంది. నులక పేనేవారికి ఈ కిటుకు ఈనాటికీ తెలుసు. ఆ ముక్క పేనినవారు నియాండర్తల్ మనుషులు, ఇప్పటికి 40 వేల ఏళ్ళ కిందటివారు. ఈ సంగతి బయటపడింది 2020లో.

దారం ఒకటి చేతికి వస్తే ఎన్ని వస్తాయో చూడండి. వల వస్తుంది, సంచీ వస్తుంది, ఉట్టి వస్తుంది, ఉయ్యాల వస్తుంది. కర్రకి రాయి బిగించుకుంటే గొడ్డలి వస్తుంది. సైబీరియాలో 40 వేల ఏళ్ళ నాటి ఎముక సూదులు దొరికాయి. చక్కగా బెజ్జం వున్నవి. సూదికి బెజ్జం వుందంటే దారం వున్నట్టే కదా! జార్జియా దేశంలో ఒక గుహలో 30 వేల ఏళ్ళకు పైబడిన అడవి అవిసెనార పోగులు కూడా కనిపించాయని 2009లో ప్రకటించారు. ఎముక విషయానికి వస్తే మన దగ్గరా వుంది. బేతంచెర్ల దగ్గరున్న బిలస్వర్గం గుహల్లో ఫుట్, ఆయన కుమారుడు కలిసి 1884, 1885 ప్రాంతంలో ఎముక పనిముట్లు వెలికితీశారు. అది సున్నపురాయి గుహ కాబట్టి ఎముక మిగిలింది. బయట ఎర్రమట్టిలో పడివుంటే ఎప్పుడో కరిగిపోయేది.

అమెరికాలో శాలీ స్లోకమ్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1970లలో ఒక వ్యాసం రాసింది. మొదటి పనిముట్టు అనగానే అందరూ వేట ఆయుధాన్నే తలుచుకుంటున్నారేమిటని ఆవిడ ప్రశ్న. ఏరిన ఆహారాన్ని మోసుకువచ్చే బుట్ట, బిడ్డను మోసుకునే జోలె, ఇవే తొలి పనిముట్లలో వుండి వుంటాయని ఆవిడ వాదన. బుట్ట కుళ్ళిపోతుంది కనుక రుజువు చూపడం కష్టం. కాని కనపడనంత మాత్రాన లేదనడానికి వీల్లేదు. ఆడవాళ్ళు వేటకి దూరమని కూడా తొందరపడి అనుకోనక్కరలేదు. పెరూ దేశపు కొండల్లో 9 వేల ఏళ్ళ నాటి ఒక యువతి సమాధిలో వేటకి కావలసిన సరంజామా అంతా ఆమె పక్కనే పెట్టి వుంది. ఈ విషయం 2020లో వెల్లడయింది.

ఇక పనిముట్టు కుళ్ళిపోయినా, అది చేసిన పని మనిషి ఒంటిమీద మిగిలిపోవచ్చు. దీనికి నిదర్శనం సిరియా దేశంలో, యూఫ్రటీస్ నది ఒడ్డున వుండిన అబూ హురేరా అనే పాత వూరు. ఆనకట్ట కడుతున్నారు, దిబ్బ మునిగిపోతుందని తెలిసి 1972, 1973 సంవత్సరాలలో ఆదరాబాదరా తవ్వారు. లోకంలో తొలిసారిగా పైరు వేసి పండించుకున్న వూళ్ళలో అదొకటి. అక్కడి అస్థిపంజరాలను థియా మాలిసన్ అనే శాస్త్రజ్ఞురాలు లండన్‌లో పరీక్షించారు. చాలామంది స్త్రీల ఎముకల్లో ఒకే తీరు కనపడింది. కాలి బొటనవేలి కీలు అరిగిపోయింది. మోకాళ్ళు దెబ్బతిన్నాయి. నడుము దగ్గర వెన్నుపూసలు పాడయ్యాయి.

కారణం ఏమిటంటే పిండి! కింద పల్లపు రాయి, పైన రెండుచేతులా పట్టి ముందుకూ వెనక్కూ తోసే రాయి. మన సన్నికల్లు మీద పచ్చడి నూరడం వంటిదే. కాని మోకాళ్ళ మీద కూర్చుని, కాలివేళ్ళు మడిచి నేలకి తన్నిపెట్టి, రోజూ గంటల తరబడి. రోట్లో తలపెట్టి రోకటిపోటుకి వెరవడమెందుకని మనం సామెత చెప్పుకుంటాం. వాళ్ళ తలలు ఎన్ని వందల తరాలు ఆ రోట్లోనే వున్నాయో! 2017లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు మరో పరిశోధన ప్రకటించారు. మధ్య యూరప్‌లో 7 వేల ఏళ్ళ కిందట వ్యవసాయం చేసిన స్త్రీల చేతి ఎముకలు ఈనాటి పడవపందేల క్రీడాకారిణుల చేతి ఎముకలకంటే 11 నుంచి 16 శాతం ఎక్కువ గట్టివట. అంత గట్టితనానికి తిరగలిపని వంటి చాకిరీ ఒక కారణం కావచ్చునన్నారు.

అబూ హురేరా పళ్ళు చెప్పిన సంగతి ఇంకా వింతగా వుంటుంది. తొలినాటి వాళ్ళ పళ్ళు రాతిపొడి కలిసిన పిండి తిని అరిగి, విరిగి వున్నాయి. తరువాతివాళ్ళ పళ్ళకి ఆ బాధ తగ్గింది. మధ్యలో ఏమి వచ్చింది? జల్లెడ వచ్చివుంటుందని మాలిసన్ నిర్ణయించారు. కొందరి ముందుపళ్ళ మీద సన్నటి గాళ్ళు కూడా వున్నాయి. బుట్టలు, చాపలు అల్లేటప్పుడు నారని పళ్ళతో పట్టి లాగడం వల్ల పడ్డ గాళ్ళవి. రోలు మిగిలి తన సంగతి తనే చెప్పుకుంది. జల్లెడని మాత్రం పళ్ళు పట్టిచ్చాయి.

మన దక్కను పీఠభూమి కూడా ఈ కథలో వున్నది. బళ్ళారి దగ్గర సంగనకల్లు కొండల మీద 4 వేల ఏళ్ళ కిందట రాతిగొడ్డళ్ళు చేసిన చోట్లు, బండల మీద నూరి నూరి పడిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కాలపువాళ్ళు ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించుకున్నారని మాడిపోయిన గింజల వల్ల తెలిసింది. అంటే మన వుగ్గిన్నెలోని ఉలవచారుకి ఈ గడ్డ మీద ఎంత వయసుందో చూడండి! గుండ్రంగా తిరిగే తిరగలి వచ్చింది తరువాత వేల ఏళ్ళకి. కూర్చుని, ఒకచేత్తో పిడి తిప్పుతూ, ఎదుట ఇంకొకరు సాయం పడితే పాటలు పాడుకుంటూ విసురుకోవచ్చు. మోకాళ్ళకి అదే ఎంత వూరటో ఆ వెనకటివాళ్ళని అడగాలి.

లోహాలు వచ్చాక ఈ కథ మారిందా అంటే, పెద్దగా మారలేదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో, ఇటలీ ఆస్ట్రియా సరిహద్దు దగ్గర 5,300 ఏళ్ళ నాటి ఒక మనిషి శరీరం చెక్కుచెదరకుండా దొరికింది. అతనికి ఓట్జీ అని పేరుపెట్టారు. అతని దగ్గర రాగిగొడ్డలి వుంది. మామూలుగా మట్టిలో అయితే ఆ గొడ్డలి బిళ్ళ, చెకుముకిరాతి సామాను మిగిలేవి. మంచు పుణ్యమా అని మిగతావీ మిగిలాయి. గొడ్డలికి కర్ర పిడి, తోలు కట్టు, విల్లుబద్ద, బెరడుతో కుట్టిన డబ్బాలు, అల్లిన గడ్డి, తోలుబట్టలు. అతని సామానంతా లెక్కవేస్తే లోహం ఒక్కటే ఒక్కటి! మిగతా సంసారమంతా చెట్టుదీ, జంతువుదీ.

పైగా లోహానికి మరో చిక్కు వుంది. పగిలిన కుండ పెంకులు పెరట్లో పడివుంటాయి. సొట్టపోయిన ఇత్తడిబిందె పడివుండదు. తూకానికి వేసి కొత్తది తెచ్చుకుంటాం. ఆ పాతది కరిగి మళ్ళీ ఇంకొకరి బిందె అవుతుంది. అందుకే అమ్మమ్మల బిందెలకంటే రాజులతో పాతిపెట్టిన కత్తులు ప్రదర్శనశాలల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

ఇత్తడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. జింకుని ఖనిజంలోంచి విడిగా తీయడం తేలిక కాదు. 907 డిగ్రీల వేడికే ఆవిరైపోతుంది. బయటి గాలి తగిలితే భస్మమవుతుంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జావర్ అనే చోట కొన్ని వందల ఏళ్ళ కిందటే దీనికి ఉపాయం కనిపెట్టారు. వంకాయ ఆకారంలో మట్టి పాత్రలు చేసి, లోపల ఖనిజం కూరి, కాడ కిందికి వచ్చేలా బోర్లించి, పైన మంట పెట్టేవారు. ఆవిరి కాడగుండా కిందికి దిగి, చల్లబడి, లోహం చుక్కలుగా రాలేది. బోర్లించినప్పుడు లోపలి ముద్ద జారిపోకుండా కాడలో ఒక పుల్ల గుచ్చేవారు. వేడికి ఆ పుల్ల కాలిపోయి, ఆవిరికి దారి మిగిలేది. ఆ వాడిపారేసిన మట్టి వంకాయలతో ఆ వూళ్ళో గోడలు కూడా కట్టుకున్నారు. బ్రిటన్‌లో విలియం చాంపియన్ అనే ఆయన జింకు తీసే పద్ధతికి పేటెంటు పొందింది 1738లో. ఇంత పెద్ద పనిలో ఆ పుల్లని ఎవరు లెక్కపెడతారు? కాని అది లేకపోతే పని సాగదు.

మన ఉక్కు సంగతీ అంతే. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కుని కొనుక్కోవడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. వూట్జ్ అని ఇంగ్లీషువాళ్ళు పిలిచినది మన ఉక్కు అనే మాటనుంచే వచ్చిందని చెబుతారు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కుని పరీక్షించి వ్యాసం రాశారు. ఆ ఉక్కు పుట్టింది మట్టి మూసల్లో. ఆ మూసల మట్టిలో కలిపినది వరిపొట్టు! పొట్టు కాలి బొగ్గై మూసకి వేడిని తట్టుకునే బలాన్నిచ్చింది. డమాస్కస్ కత్తుల పేరు ప్రపంచమంతా చెప్పుకుంటుంది. చెరిగి పోసిన పొట్టు పేరు ఎవరూ చెప్పుకోరు.

ఈ లెక్కలోకి రాకపోవడం వస్తువులకే పరిమితం కాలేదు. ఒకప్పుడు వెండి బంగారాలతో సమానంగా చూసిన అల్యూమినియం మన సత్తుగిన్నెగా వంటింట్లోకి వచ్చిందంటే 1886లో కనిపెట్టిన కొత్త పద్ధతి వల్లనే. ఫ్రాన్సులో ఎరూ, అమెరికాలో చార్లెస్ హాల్ ఒకరికొకరు తెలియకుండా ఒకే ఏడాది కనిపెట్టారు. ఇంటి వెనక కొట్టంలో హాల్ ప్రయోగాలు చేస్తుంటే పక్కనుండి చూసినది అతని అక్క జూలియా. ఆవిడ కూడా కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకున్నదే. ఎప్పుడు ఏమి జరిగిందో ఆవిడ ఇచ్చిన సాక్ష్యం తరువాత పేటెంటు తగవులో తమ్ముడికి అక్కరకి వచ్చింది. పుస్తకాల్లో తమ్ముడి పేరే వుంటుంది. ఇక స్టెయిన్‌లెస్ స్టీలు చూడండి. 1913లో ఇంగ్లండులో షెఫీల్డు నగరంలో హారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలకి అరగని లోహం కోసం వెతుకుతూ, ఇనుములో 12.8 శాతం క్రోమియం కలిపారు. తుపాకి మాట ఎలా వున్నా, నిమ్మకాయ పులుపుకి చెక్కుచెదరని ఆ లోహం విలువ బల్లమీది కత్తులకి బాగా తెలిసివచ్చింది. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో చారు పెట్టి చిలుమెక్కుతుందని భయపడ్డ మన పెద్దవాళ్ళకి ఆ విలువ వేరే చెప్పాలా!

పాతదంతా మేలని నేను చెప్పడం లేదు. మోకాళ్ళు పోగొట్టుకుని పిండి విసరమని ఏ తల్లీ కూతురికి చెప్పదు. గ్రైండరు రావడం మంచిదే అయింది. దానిలో తిరిగేది ఇంకా రాయేనని కూడా గుర్తుంచుకోవాలి. యుగాలు ఒకదాన్ని ఒకటి తోసేసి పోలేదు. మన వంటగట్టు మీద అన్నీ ఇరుగుపొరుగుగా సర్దుకుని వున్నాయి. పెళ్ళికి పసుపు దంచేటప్పుడు రోలు, రోకలి మళ్ళీ నట్టింట్లోకి వస్తాయి.

వస్తువు పోతే ఇంకొకటి కొనుక్కుంటాం. దాన్ని చేసే చేతి తెలివి పోతే ఎక్కడ కొంటాం? స్టీలుగిన్నె మీద పేరు కొట్టిస్తాం, తేదీ వేయిస్తాం. చేట మీద ఎవరూ పేరు కొట్టించరు. కొత్త చేటకి కాగితం గుజ్జులో మెంతిపిండి కలిపి ఎలా అలికేవారో, తిరగలికి కక్కు ఎప్పుడు కొట్టించాలో, ఉట్టి ముడి ఎలా వేస్తారో తెలిసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో వున్నారు. ఈ వారంలో ఒక మధ్యాహ్నం వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. పిల్లల నోటుపుస్తకం వెనక పేజీలోనే రాసిపెట్టండి, వీలైతే బొమ్మ వేయించండి. రాతియుగపు ఇల్లాలి జల్లెడ సంగతి తెలుసుకోవడానికి ఆవిడ పళ్ళు పరీక్షించవలసి వచ్చింది. మన సంగతికి అంత కష్టం రానివ్వకూడదు.